ఉక్కు లోపల న్యూట్రాన్ దెబ్బలు: కొన్ని విశేషాలు

బాసర ట్రిపుల్ ఐటీలో మెటలర్జీ చదివే పిల్లలు ఇనుము గురించి గీసే తొలి బొమ్మల్లో ఒకటి ఘనం. ఎనిమిది మూలల్లో ఎనిమిది పరమాణువులు, నట్టనడుమ మరొకటి. ఘనం అంచు పొడవు 2.87 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక్క సెంటీమీటరు పొడవున ఇలాంటివి దాదాపు 3.5 కోట్లు వరసగా పడతాయి. పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లల కోసం 2008లో మొదలైన ఈ సంస్థలో లోహాల చదువుకు ప్రత్యేక విభాగం ఉండటం నాకెంతో సబబుగా తోస్తుంది. ఎందుకో ముందుకు వెళ్లేసరికి మీకే తెలుస్తుంది. బొమ్మలో ఉన్నంత పొందికగా ఈ వరసలు ఏ ఇనుములోనూ ఉండవు. అణు రియాక్టర్‌లో పెట్టిన ఉక్కులోనైతే పరమాణువులకు కుదురన్నదే ఉండదు.

◆

ఇనుము పరమాణువును దాని చోటు నుంచి పెకలించి, మళ్లీ వెనక్కి రాకుండా చేయాలంటే సుమారు 40 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలని శాస్త్రవేత్తలు లెక్కలో తీసుకుంటారు. బాసరలో మండు వేసవి మధ్యాహ్నం, 45 డిగ్రీల ఎండలో కాలిపోతున్న ఇనుప గేటులో ఒక్కో పరమాణువుకు అందే వేడి శక్తి 0.1 ఎలక్ట్రాన్ వోల్టు కూడా ఉండదు. అంటే ఎండలు ఎంత కాసినా ఆ పరమాణువులు ఉన్నచోటే ఊగుతాయి తప్ప పెళ్లగిలి రావు. యురేనియం చీలినప్పుడు పుట్టే న్యూట్రాన్ శక్తి సగటున 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. ఇనుము పరమాణువు న్యూట్రాన్ కంటే 56 రెట్లు బరువైనది కాబట్టి, నేరుగా తగిలినా ఆ శక్తిలో 7 శాతానికి మించి దానికి అందదు. ఆ 7 శాతమే లక్షా నలభై వేల ఎలక్ట్రాన్ వోల్టులు!

అంత శక్తి అందుకున్న పరమాణువు పక్కవాటిని గుద్దుతుంది, అవి తమ పక్కవాటిని గుద్దుతాయి. సెకనులో లక్ష కోట్లవ వంతు గడిచేసరికి కొన్ని నానోమీటర్ల మేర స్ఫటికం చెల్లాచెదురై, కాసేపు కరిగిన లోహంలా అయిపోతుంది. మరో పది, ఇరవై అంతటి క్షణాలు గడిచేసరికి మళ్లీ చల్లబడి గట్టిపడుతుంది. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచే విషయం ఇక్కడే ఉంది. చెదిరిన పరమాణువుల్లో చాలా భాగం ఎవరూ చెప్పకుండానే ఏదో ఒక ఖాళీ చోట్లో తిరిగి కూర్చుంటాయి. 1975 నుంచి వాడుకలో ఉన్న నార్గెట్, రాబిన్సన్, టారెన్స్‌ల సూత్రం లెక్కగట్టే లోపాల్లో పెద్ద తాకిడి తర్వాత నిజంగా మిగిలేవి ఇంచుమించు మూడో వంతే. ఉక్కు తన గాయాన్ని తానే మాన్పుకుంటుందన్నమాట. ఇంజినీర్లను వేధించేదంతా మానకుండా మిగిలిన ఆ మూడో వంతే.

మిగిలేవి రెండు రకాలు. పరమాణువు లేచిపోయిన ఖాళీ ఒకటి. ఎక్కడా చోటు దొరక్క రెండు పరమాణువుల మధ్య ఇరుక్కున్న అదనపు పరమాణువు రెండోది. రియాక్టర్లు పుట్టకముందే, 1926లో రష్యన్ శాస్త్రవేత్త యాకోవ్ ఫ్రెంకెల్ ఈ జంటను ఊహించాడు. అందుకే దీన్ని ఫ్రెంకెల్ జంట అంటారు.

◆

ఈ జంటలో ఇద్దరి నడకా ఒకటి కాదు. కథంతా ఆ తేడాలోనే ఉంది. స్వచ్ఛమైన ఇనుములో ఇరుక్కున్న పరమాణువు సున్నాకు 150 డిగ్రీల దిగువన, అంత చలిలోనే కదలడం మొదలుపెడుతుంది. ఖాళీ కదలాలంటే నీరు గడ్డకట్టే వేడికి కాస్త దిగువ దాకానైనా రావాలి. 45 డిగ్రీల దగ్గర లెక్కగడితే ఖాళీ సెకనుకు వందల గెంతులు వేస్తుంది. ఇరుక్కున్న పరమాణువు కోట్లలో గెంతుతుంది. ఉక్కులో కరిగి ఉన్న కార్బన్ ఖాళీని పట్టుకుని కదలనివ్వదు, కాబట్టి అక్కడ దాని నడక ఇంకా మందగిస్తుంది.

ఇరుక్కున్న పరమాణువులు కొన్ని గుంపు కడితే వాటి వేగం మరీ విచిత్రంగా ఉంటుంది. వసంత పంచమినాడు బాసర గుడి క్యూలైన్లో ఒకరు మధ్యలో దూరారనుకోండి. ముందున్న ఇద్దరు ముగ్గురు, వెనకున్న ఇద్దరు ముగ్గురు తలా కాస్త జరుగుతారు. ఆ ఒత్తిడి కాసేపటికి క్యూ చివరిదాకా పాకుతుంది గానీ, మనుషులెవరూ అడుగు మించి కదిలి ఉండరు. ఇనుములో ఘనం మూల నుంచి ఎదురు మూలకు వెళ్లే పరమాణువుల వరస వెంట అదనపు పరమాణువుల గుంపు సరిగ్గా ఇలాగే జారుతుంది. ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ పోతుంది, పక్కకు తిరగదు. 2007లో జపాన్‌కు చెందిన అరకావా బృందం ఈ జారుడును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ప్రత్యక్షంగా చూసి, సైన్స్ పత్రికలో ప్రచురించింది. నల్లటి చిన్న చుక్క ఉన్నట్టుండి గీత వెంట అటూ ఇటూ ఉరుకుతుంది. ఆ చుక్క నిజానికి కొన్ని నానోమీటర్ల బిళ్ల. అసలు స్ఫటికంలో లేని ఒక అదనపు పరమాణు పొర, చుట్టూ అంచుతో సహా, వరసల మధ్య దూరి కూర్చుంది. ఆ అంచునే డిస్‌లొకేషన్ లూప్ అంటారు. దారిలో తగిలే ఇరుకు పరమాణువులను కలుపుకుంటూ లూప్ పెద్దదవుతుంది.

లూప్‌ల విషయంలో ఇనుముకు మరో ప్రత్యేకత ఉంది. టంగ్‌స్టన్, మాలిబ్డినంలలో కూడా పరమాణువుల అమరిక ఇనుములోలాగే ఉంటుంది. ఆ లోహాల్లో లూప్‌లు ఎక్కువగా మూల నుంచి మూలకు వెళ్లే దిశలోనే ఏర్పడతాయి. ఇనుములోనైతే, వేడి పెరిగేకొద్దీ ఘనం అంచు దిశలో నిలిచే మరో రకం లూప్‌లదే పైచేయి అవుతుంది. ఇవి కదలవు, ఉక్కును మరింత గట్టిపరుస్తాయి. 1960లలో మాస్టర్స్ అనే పరిశోధకుడు వీటిని చూపించినప్పటి నుంచి దశాబ్దాల పాటు ఇదొక చిక్కుముడిగానే ఉంది. 2008లో డూడరేవ్, బులఫ్, డెర్లెట్ ఇచ్చిన వివరణలో కారణం ఇనుము అయస్కాంతత్వం. వేడి పెరిగి ఇనుము 912 డిగ్రీల దగ్గర మరో స్ఫటిక రూపానికి మారబోయే ముందు, అందులోని అయస్కాంత అమరిక సడలుతుంది. దాంతో స్ఫటికం ఒక దిశలో మెత్తబడుతుంది. ఆ మెత్తదనం వల్ల రెండో రకం లూప్‌లకు శక్తి ఖర్చు తగ్గుతుంది. ఒంటరి ఇరుకు పరమాణువు ఏ దిశలో నిలవాలో తేల్చేది కూడా అయస్కాంతత్వమే. అయస్కాంతత్వం లేని ఆ సాటి లోహాల్లో అది మరో దిశకు తిరిగి ఉంటుంది. దిక్సూచి ముల్లును ఉత్తరానికి తిప్పే గుణమే రియాక్టర్ గోడ ఆయుష్షులో కూడా వేలు పెడుతోంది.

ఇంకో మలుపు 2012లో వచ్చింది. అతి చిన్న గుంపులు బిళ్లలుగా కాక, సీ15 అనే పూర్తిగా వేరే స్ఫటిక రూపంలో ముద్దలు కట్టవచ్చని ఫ్రాన్స్‌లో మారినికా, విల్లేమ్, క్రోకోంబెట్ లెక్కలతో చూపారు. ఆ ముద్ద కదలకుండా కూర్చుని, వచ్చినవాటిని మింగుతూ పెరిగి, చివరికి లూప్‌గా విచ్చుకుంటుంది.

◆

ఇరుకు పరమాణువులు లూప్‌లలోనూ, లోహంలో ముందే ఉన్న డిస్‌లొకేషన్లలోనూ కాస్త ఎక్కువ సంఖ్యలో కలిసిపోతాయి. ఎందుకంటే డిస్‌లొకేషన్ చుట్టూ ఉండే బిగువు వాటిని ఖాళీల కంటే గట్టిగా లాగుతుంది. ఆ తేడా చిన్నదే అయినా, దాని వల్ల జంట తప్పిన ఖాళీలు లోపల పోగవుతూ పోతాయి. అవి కలిసి బోలు గదులవుతాయి.

దీన్ని మొదట చూసినవాళ్లు కాథోర్న్, ఫుల్టన్. స్కాట్లండ్‌లోని డూన్‌రే ఫాస్ట్ రియాక్టర్‌లో వాడిన స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలను కోసి మైక్రోస్కోపు కింద పెడితే, జల్లెడలా సూక్ష్మమైన గదులు కనిపించాయి. 1967లో నేచర్ పత్రికలో ఆ వార్త వచ్చాక, ప్రపంచమంతటా ఫాస్ట్ రియాక్టర్లు కడుతున్నవాళ్లు తమ డిజైన్లను మళ్లీ ముందేసుకోవాల్సి వచ్చింది. లోహం బరువు పెరగదు, పరిమాణం మాత్రం పెరుగుతుంది. మీటరు పొడవున్న గొట్టం ఘనపరిమాణంలో 10 శాతం ఉబ్బితే, పొడవు 3 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. గోరుపట్టే సందు కూడా లేకుండా బిగించిన రియాక్టర్ గర్భంలో అంత చోటు ఎక్కడ దొరుకుతుంది? సాధారణ స్టెయిన్‌లెస్ స్టీల్ ఉబ్బు ఒకసారి ఊపందుకున్నాక, ప్రతి పరమాణువూ సగటున ఒక్కసారి చెదిరినప్పుడల్లా ఇంచుమించు 1 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది.

ఒక్కో పరమాణువు ఎన్నిసార్లు చెదిరిందన్నదే ఈ రంగంలో కొలమానం. దాన్ని డీపీఏ అంటారు. కల్పాక్కంలోని 500 మెగావాట్ల ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌లో ఇంధన గొట్టాలకు పెట్టుకున్న లక్ష్యం 85 డీపీఏ. గొట్టంలో ఉన్న ప్రతి పరమాణువూ తన చోటు నుంచి సగటున 85 సార్లు పెళ్లగిలి, మళ్లీ ఎక్కడో కుదురుకున్నాక కూడా ఆ గొట్టం పగలకూడదు, వంగకూడదు. ఆ రియాక్టర్‌లో 2024 మార్చిలో గర్భం నింపడం మొదలైంది. గొట్టం లోహం డీ9. సుమారు 15 శాతం క్రోమియం, 15 శాతం నికెల్, కొంచెం టైటానియం ఉంటాయి. దాన్ని గొట్టాలుగా చేసింది మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. ఈ సంస్థ 1971 నాటిది.

డీ9 గొట్టాన్ని చివర్లో వేడి చేయకుండానే లాగి, 20 శాతం మేర సాగదీసి వదిలేస్తారు. మామూలుగా గొట్టాల పనిలో ఇలా సాగిన లోహాన్ని కాల్చి మెత్తబరచడం ఆనవాయితీ. ఇక్కడ కావాలనే అలా వదిలేస్తారు. సాగదీతకు లోహం నిండా డిస్‌లొకేషన్ల చిక్కు పుడుతుంది. ఖాళీలు గదులు కట్టేలోపే ఆ చిక్కు వాటినీ, ఇరుకు పరమాణువులనూ మింగేస్తుంది. టైటానియం, కార్బన్ కలిసి కట్టే అతి చిన్న రేణువులు, ఉక్కులో పుట్టే హీలియంను తమ చుట్టూ చెదరగొట్టి పట్టుకుంటాయి. హీలియం ఎక్కడి నుంచి వస్తుందంటారా? న్యూట్రాన్ తగిలిన నికెల్, బోరాన్ దాన్ని వదులుతాయి. ఒక చోట చేరిన హీలియం బుడగ, బోలు గదికి విత్తనమవుతుంది. లోపాన్ని లోపంతోనే కట్టడి చేసే ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. పాఠ్యపుస్తకాలు డిస్‌లొకేషన్‌ను దోషమని మొదలుపెడతాయి. హైదరాబాద్ గొట్టాల పనిలో అదే కాపలాదారు.

◆

బాసరలో గోదావరి దాటితే నిజామాబాద్ జిల్లా. ఆ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కును కొనడానికి ఒకప్పుడు ఇరాన్ వర్తకులు వచ్చేవారు. డమాస్కస్ కత్తులుగా ప్రపంచం మెచ్చిన కత్తులకు ముడిసరుకు ఇలాంటి ఉక్కే. త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వోయ్‌సీ ఇక్కడి పనిని చూసి రాసిపెట్టాడు. రెండు వేర్వేరు చోట్ల ఇనుమును కలిపి మట్టిమూసలో మూసి కాల్చేవారని అందులో ఉంది. ఆయన 1824లో చనిపోయాడు, ఆ వివరాలు 1832లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి.

డమాస్కస్ కత్తి మీద కనిపించే నీటి అలల్లాంటి చారలు ఎలా వస్తాయో అమెరికాలో జాన్ వెర్‌హోవెన్, కత్తుల కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి 1990లలో తేల్చారు. ఉక్కులో లక్షకు మూడు పాళ్ల వనాడియం ఉన్నా చాలు, చారలు కుదురుతాయి. అది ఇనుప రాయితోనే వస్తుంది. రాయి మారితే చారలు పోతాయి. ఏ రాయిని దేనితో కలపాలో తెలిసిన కమ్మరి చేతికి, పేరు తెలియని ఆ లక్షకు మూడు పాళ్ల విలువ తెలుసు. ఈ జిల్లాల్లో లోహశాస్త్రం చదివే పిల్లలకు దొరికిన వారసత్వం ఇది.

రియాక్టర్ ఉక్కులో అలాంటి చిటికెడు రాగి చేటు తెచ్చింది. అమెరికాలో 1960, 70లలో కట్టిన రియాక్టర్ల పీడన పాత్రలను వెల్డింగ్ చేసిన తీగలకు తుప్పు పట్టకుండా రాగి పూత పూసేవారు. దాంతో అతుకుల్లో 0.2, 0.3 శాతం దాకా రాగి చేరింది. 290 డిగ్రీల దగ్గర ఇనుము అంత రాగిని కరిగించుకోలేదు. అయినా రాగి పరమాణువులకు కదిలే దారి లేక వేల ఏళ్లు అలాగే ఉండిపోవాలి. న్యూట్రాన్లు పుట్టించిన ఖాళీలు ఆ దారి చూపాయి. ఖాళీ పక్కకొచ్చినప్పుడల్లా రాగి ఒక గెంతు వేస్తుంది. కొన్నేళ్లకే రెండు మూడు నానోమీటర్ల రాగి ముద్దలు తయారై, ఉక్కును పెళుసు చేశాయి. కొంత నికెల్, మాంగనీసు తోడైతే పరిస్థితి మరింత ముదురుతుంది. కొత్త పాత్రల్లో రాగిని 0.1 శాతం లోపే ఉంచుతున్నారు.

మసాచుసెట్స్‌లోని యాంకీ రో కేంద్రాన్ని పాత్ర పెళుసుదనంపై అనుమానాలతో 1991లో ఆపి, 1992లో శాశ్వతంగా మూసేశారు. రష్యాలో నొవొవొరొనెజ్ మూడో యూనిట్ పాత్రను మాత్రం 1987లో 400 డిగ్రీలు దాటించి రోజుల తరబడి కాల్చారు. లూప్‌లు, ముద్దలు చాలావరకు కరిగిపోయి ఉక్కు తిరిగి జవసత్వాలు పుంజుకుంది. మన దేశంలో రాజస్థాన్‌లోని రావత్‌భాటా మొదటి యూనిట్‌కు 3.5 శాతం నికెల్ ఉక్కుతో చేసిన ఎండ్ షీల్డ్ 1980ల మొదట్లో పగిలి నీరు కారింది. రేడియేషన్‌కు పెళుసెక్కడంలో ఆ ఉక్కు బలహీనమైనది. తర్వాతి రియాక్టర్లలో దాని చోట స్టెయిన్‌లెస్ స్టీల్ వాడారు.

◆

రేడియేషన్ ఎప్పుడూ చెరుపే చేస్తుందా? సరిగ్గా ఈ ప్రశ్ననే శీర్షికగా పెట్టి 1984లో నేచర్‌లో వ్యాసం రాశారు కోరుకొండ లింగమూర్తి. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఆయన ఆచార్యులుగా పనిచేశారు. మెత్తటి ఉక్కును కొంత వేడి చేసి సాగదీస్తే, అందులో కరిగిన నైట్రోజన్, కార్బన్ డిస్‌లొకేషన్లకు అడ్డుపడి ఉక్కు పెళుసెక్కుతుంది. న్యూట్రాన్లు పుట్టించిన లోపాలు ఆ నైట్రోజన్, కార్బన్‌లను తమ దగ్గరకు లాగేసుకుంటాయి. అడ్డుపడేవి తగ్గుతాయి. అందుకే ఒక వేడి పరిధిలో, రేడియేషన్ సోకిన ఉక్కు బలంతో పాటు సాగే గుణంలో కూడా సోకని ఉక్కును మించిందని ఆయన చూపారు. రెండు చెరుపులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న సందర్భమది.

◆

ఇనుములో క్రోమియం 9 శాతం దగ్గర ఉన్నప్పుడు రేడియేషన్ పెళుసుదనం అతి తక్కువ. ఇంకా తగ్గించినా, బాగా పెంచినా చేటే. క్రోమియం మరీ ఎక్కువైతే 475 డిగ్రీల దగ్గర అది విడిపోయి ముద్ద కడుతుంది, రేడియేషన్ ఆ విడిపోవడాన్ని తొందర చేస్తుంది. రాబోయే తరం గొట్టాలకు 9 శాతం క్రోమియం ఉక్కును ఎంచుకోవడానికి ఒక కారణం ఇది. రెండో కారణం, ఈ జాతి ఉక్కులు డీ9 జాతి కన్నా చాలా నెమ్మదిగా ఉబ్బుతాయి.

ఇబ్బంది ఏమిటంటే, 9 శాతం క్రోమియం ఉక్కు 600 డిగ్రీలు దాటాక బలహీనపడుతుంది. విరుగుడుగా ఉక్కు పొడిలో 0.35 శాతం ఇట్రియం ఆక్సైడ్ కలిపి, ఇనుప గుళ్ల మిల్లులో గంటల కొద్దీ నూరుతారు. కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ రేణువులు లోహం నిండా పరుచుకుంటాయి. డిస్‌లొకేషన్లను ఆపేది అవే, ఖాళీలకు, ఇరుకు పరమాణువులకు కలిసే చోటిచ్చేదీ అవే, హీలియంను పట్టేదీ అవే. ఈ పని మన దేశంలో హైదరాబాద్‌లోనే మూడు చోట్ల చేతులు మారింది. బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ పొడి నూరింది, కంచన్‌బాగ్‌లోని లోహ మిశ్రమాల సంస్థ మిధాని డబ్బాల్లో నింపి సీలు వేసి సాగగొట్టింది, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ గొట్టం తీసింది. కల్పాక్కం పరిశోధకులతో కలిసి నడిచిన ప్రయత్నమిది.

ఇలాంటి కొత్త ఉక్కును రియాక్టర్‌లో పెట్టి 100 డీపీఏ దాకా చూడాలంటే ఏళ్లు పడుతుంది. కల్పాక్కంలో ఉన్నటువంటి యాక్సిలరేటర్‌తో ఇనుము, నికెల్ అయాన్లను కొడితే గంటల్లో, రోజుల్లో అంతే దెబ్బ తగులుతుంది. అయితే అయాన్లు ఒకటి రెండు మైక్రాన్ల లోతు దాటవు. పైగా దెబ్బల వేగం పెరిగిన కొద్దీ ఖాళీలకు తిరిగే తీరిక దొరకదు. అందుకని నమూనాను రియాక్టర్ కంటే ఎక్కువ వేడిలో ఉంచి లెక్క సరిచేస్తారు. ఆ సవరణ ఎంత ఉండాలన్నదే ఈ ప్రయోగాల్లో అతి సున్నితమైన పని.

◆

ఫ్యూజన్ రియాక్టర్ వస్తే ఉక్కుకు తగిలే న్యూట్రాన్ శక్తి కోటీ 41 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. యురేనియం న్యూట్రాన్ సగటుకు ఏడు రెట్లు. ఆ న్యూట్రాన్ ఇనుము కేంద్రకం నుంచే నేరుగా హీలియంను విరగ్గొడుతుంది. ఉక్కులో నికెల్ లేదని ఇక నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. దీని కోసం కల్పాక్కం అణు పరిశోధన కేంద్రం, గాంధీనగర్ ప్లాస్మా సంస్థ, మిధాని కలిసి 9 శాతం క్రోమియంతో మరో ఉక్కు తయారుచేశాయి. అందులో మాలిబ్డినం, నియోబియంలను తీసేసి టంగ్‌స్టన్, టాంటలం పెట్టారు. మాలిబ్డినం, నియోబియం న్యూట్రాన్లు తగిలాక వేల ఏళ్ల పాటు రేడియోధార్మికంగా ఉండిపోతాయి. టంగ్‌స్టన్, టాంటలంలతోనైతే వందేళ్లలో ఆ ఉక్కును మళ్లీ పట్టుకుని పని చేయవచ్చని అంచనా.